లక్క సీమలో పాత కుర్చీకి కొత్త మెరుగు

జంషెడ్‌పూర్ ప్రాంతంలో ఉద్యోగ విరమణ అంటే క్వార్టరు ఖాళీ చేయడమని కూడా అర్థం. ఉక్కు కర్మాగారం వారి కాలనీలలోనైనా, జాదుగూడలోని యురేనియం కార్పొరేషన్, ఘాట్‌శిలలోని హిందుస్థాన్ కాపర్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పులలోనైనా ఈ తంతు ఒక్క తీరుగానే నడుస్తుంది. ముప్ఫై ఏళ్ళ సంసారం వరండాలోకి వస్తుంది. స్వగ్రామానికి లారీలో వెళ్ళవలసినవి ఒక ప్రక్క, ఇరుగుపొరుగులకు ఇవ్వవలసినవి ఒక ప్రక్క, కబాడీ దుకాణానికి పోవలసినవి మరొక ప్రక్క చేరుతాయి. ఈ మూడవ కుప్పను పరిశీలించి చూసిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. ఇంటిలోని అసలైన కర్ర సామాను చాలావరకు అందులోనే ఉంటుంది. నిగనిగలాడే పొట్టు పలకల అలమార భద్రంగా లారీ ఎక్కుతుంది. తాతగారి కాలపు పడక కుర్చీ, నల్లబడిన భోషాణం, కాళ్ళు ఊగే సాల చెక్క బల్ల మాత్రం తోపుడు బండి ఎక్కుతాయి.

1912వ సంవత్సరంలో ఇక్కడ తొలిసారి ఉక్కు పోతపోసిన నాటి నుంచీ ఈ ఊరికి జనం నలుదిక్కుల నుంచి తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబాలు కొన్నింటికి ఇది మూడవ తరం, నాలుగవ తరం కూడా. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో నవమి నాడు కలిసే పెద్దలను కదిలిస్తే చాలు, ఏ మిస్త్రీ ఏ మంచం చేశాడో, దాని కర్ర ఏ అడవి నుంచి వచ్చిందో చెప్పగలరు. వారి పిల్లలకు ఆ జ్ఞాపకం లేదు. ఉండవలసిన అవసరమూ లేదనుకోవచ్చు. కాని ఆ కర్రను గుర్తించే కన్ను మాత్రం ఉండాలి. అది లేనప్పుడే ఒక తరం సంపాదించిన వస్తువు తరువాతి తరం చేతిలో వంటచెరకు అవుతుంది.

గత కొన్నేళ్ళుగా మేమిరువురమూ సెలవు దినాలలో ఇటువంటి సామానును తెచ్చి, బాగుచేసి, ఇంటిలో వాడుకొంటున్నాము. మాకు వడ్రం రాదు. రంపమూ చిత్రికా పట్టవలసిన పని వడ్రంగి మిస్త్రీదే. శుభ్రపరచడం, నునుపు చేయడం, మెరుగు పెట్టడం మేము నేర్చుకొన్నాము. ఆ నేర్చుకొన్నదాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

కర్రను ఎరుగుట

పాత సామాను కొనేటప్పుడు పైభాగం చూసి ప్రయోజనం లేదు. తలక్రిందులు చేసి చూడాలి. సొరుగు ఉంటే లాగి, దాని వెనుక పలకను చూడాలి. మెరుగు పెట్టని చోటనే కర్ర తన నిజరూపం చూపుతుంది. ఈ ప్రాంతంలో దొరికే పాత సామానులో ఎక్కువగా కనిపించేవి నాలుగు రకాలు. సాల వృక్షం, అంటే మనం గుగ్గిలం చెట్టు అని పిలిచేది, సారండా అడవులకు ప్రాణం వంటిది. సర్హుల్ పండుగ నాడు ఇక్కడి ఆదివాసులు పూజించేది ఈ చెట్టు పూలనే. ఈ కర్ర బహు బరువు, బహు గట్టి. రైలు పట్టాల క్రింద స్లీపర్లుగా పరచిన కర్ర ఇదే. దీనితో చేసిన మంచం ఇద్దరు మనుషులకు గాని కదలదు. టేకును మన వారికి పరిచయం చేయనక్కరలేదు. నూనె గుణం ఉన్న కర్ర, వంకర పోదు. శీషం కర్రలో బంగారు వన్నె మీద ముదురు గోధుమ చారలు పారుతాయి. స్థానికులు గమ్హార్ అని పిలిచే గుమ్మడి టేకు లేత రంగులో, తేలికగా ఉంటుంది.

పొట్టు పలక, అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక, ఒకసారి నీరు త్రాగి ఉబ్బితే మరల యథాస్థితికి రాదు. అటువంటి దాని మీద శ్రమ పెట్టవద్దనే మా సలహా. ప్లైవుడ్ సామాను సంగతి వేరు. పైన అతికించిన టేకు పొర కాగితమంత పలుచగా ఉంటుంది. గరుకు కాగితంతో నాలుగు మార్లు గట్టిగా రుద్దితే ఆ పొర అరిగి, క్రింది తెల్ల చెక్క బయటపడుతుంది.

పురుగు పరీక్ష తప్పనిసరి. కర్ర మీద గుండుసూది మొనంత రంధ్రాలుండటం ఒక్కటే భయపడవలసిన విషయం కాదు. ఆ పురుగు ఎన్నడో వెళ్ళిపోయి ఉండవచ్చు. వస్తువును నల్ల కాగితం మీద నిలబెట్టి వారం రోజులు కదపకుండా ఉంచితే, క్రొత్తగా మెత్తని పిండి రాలుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. రాలితే పురుగు లోపలే ఉన్నదన్న మాట. అటువంటి దానిని మందు వేయించనిదే ఇంటిలోకి తేరాదు. ఇక మంచాలూ, గద్దె కుర్చీలూ అయితే నల్లులను వెదకాలి. కుసి బెజ్జంలో దూరే చోట, నవారు కట్టే రంధ్రాలలో అవి కాపురముంటాయి. చౌకగా వచ్చిన మంచంతో పాటు నల్లులు కూడా వస్తే ఇల్లాలి చేత పడే మాటలు అన్నీ ఇన్నీ కావు.

మన ముంగిట పండే మెరుగు

ఇక ఈ వ్యాసానికి ముఖ్యమైన సంగతికి వస్తాము. పాత కాలపు కుర్చీ మీద కనిపించే ఆ తేనె రంగు మెరుగు ఎక్కడి నుంచి వచ్చింది? మన వడ్రంగులు స్పిరిట్ పాలిష్ అనేది, దొరల ఇళ్ళలో ఫ్రెంచి పాలిష్ అన్నది, రెండూ ఒక్కటే. దాని మూల పదార్థం లక్క. ఆ లక్కను దేశంలో అందరికన్నా ఎక్కువగా పండించే రాష్ట్రం జార్ఖండ్. ఖూంటీ, సిమ్‌డేగా, గుమ్లా, పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాల పల్లెలలో ఇది రైతుల చేతికి రొక్కం తెచ్చే పంట.

పంట అంటే మొక్క కాదు. లక్క పురుగు ఆవగింజ కన్నా చిన్నది. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల లేత కొమ్మల మీద వేలాదిగా చేరి, రసం పీల్చి, తమ చుట్టూ ఒక జిగురు గూడు కట్టుకొంటుంది. ఆ గూళ్ళన్నీ కలిసి కొమ్మ మీద గట్టి తొడుగులా ఏర్పడతాయి. రైతు ఆ కొమ్మలను నరికి, లక్కను గీకి తీస్తాడు. దానిని దంచి, కడిగి, జల్లెడ పడితే గింజ లక్క వస్తుంది. ఇక్కడి వారు దీనిని చౌరీ అంటారు. చౌరీని పొడవాటి గుడ్డ సంచిలో పోసి, నిప్పుల ముందు త్రిప్పుతూ మెలిపెడితే, కరిగిన లక్క గుడ్డలో నుంచి ఊరి బయటకు వస్తుంది. దానిని వేడిగా ఉండగానే పలుచని రేకుగా సాగదీసి, ఆరిన తరువాత ముక్కలు చేస్తే అదే చపడా. రంగుల దుకాణంలో తూకానికి దొరికే బంగారు రేకులివే. మోదుగ, రేగు చెట్ల లక్కను రంగీనీ అనీ, కుసుమ్ చెట్ల లక్కను కుసుమీ అనీ అంటారు. కుసుమీ రంగు తేలిక, నాణ్యమూ ఎక్కువ. లేత రంగు గమ్హార్ కర్రకు కుసుమీ, నల్లని శీషానికి రంగీనీ వాడటం మా అలవాటు.

టాటానగర్ నుంచి పురూలియా వెళ్ళే రైలు మార్గంలోనే ఉన్న బలరాంపూర్ పట్టణం, మన సరిహద్దు దాటగానే బెంగాలులో, లక్క కార్ఖానాలకు పేరు పడినది. రాంచీ వద్ద నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థను నెలకొల్పారు. ఇప్పుడది వేరొక పేరుతో భారత వ్యవసాయ పరిశోధన మండలి క్రింద నడుస్తున్నది. ఒకనాటి గ్రామఫోను రికార్డులు కూడా ఈ లక్క మిశ్రమంతోనే పోతపోసినవి. విశాఖ వైపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ బొమ్మలకు పట్టించే రంగు కూడా లక్కలో కలిపినదే. ఇంత ఘనత ఉన్న పదార్థం మన ముంగిట పండుతుండగా, పాత సామానుకు మెరుగు అనగానే డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ వార్నిషు వైపు చేయి చాచడం మాకు విచిత్రంగా తోస్తుంది.

ఇది కేవలం స్వదేశీ అభిమానం కాదు. లక్కకు ఒక గుణం ఉన్నది. ఏళ్ళ క్రితం వేసిన లక్క పూత మీద నేడు క్రొత్త పూత వేస్తే, అందులోని స్పిరిట్ పాత పూతను కరిగించి తనలో కలుపుకొంటుంది. రెండూ ఒక్కటైపోతాయి. పాలీయురిథేన్ వంటి పూతలు అట్లా కలవవు. గీత పడిన చోట మొత్తం గీకి మరల వేయవలసిందే. అందువల్ల లక్క మెరుగు ఉన్న వస్తువును ఎన్ని తరాలైనా, కర్ర అరగకుండా, బాగుచేసుకోవచ్చు.

అందుకే పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయాలి. ముందుగా గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి, గుడ్డను గట్టిగా పిండి, వస్తువంతా తుడిచి నీడన ఆరనివ్వాలి. నలుపులో సగం వంటింటి జిడ్డు, పొగ మసి. తరువాత, కనబడని ఒక మూల స్పిరిట్‌లో తడిపిన దూదిని అర నిమిషం అదిమి పట్టాలి. పూత మెత్తబడి జిగురుగా దూదికి అంటితే అది లక్కే. అప్పుడు గీకడం, రుద్దడం అనవసరం. పాత పూత మీదనే రెండు మూడు పలుచని పూతలతో పని ముగుస్తుంది. మేము బాగుచేసిన వాటిలో సగానికి పైగా ఇట్టివే. చాలామంది ఈ పరీక్ష చేయకనే వస్తువును మిస్త్రీకి అప్పగించి, యంత్రంతో తెల్లగా రుద్దిస్తారు. అరవై ఏళ్ళ వెలుతురు, చేతి స్పర్శ కలిసి కర్రకు ఇచ్చిన వన్నె అరగంటలో పొట్టుగా రాలిపోతుంది.

చిన్నపిల్లలున్న ఇంటిలో

కర్ర మీద లక్క కాక రంగు ఉంటే జాగ్రత్త పడాలి. ఇది అలంకరణకు కాక ఆరోగ్యానికి సంబంధించిన మాట కనుక కాస్త నిదానంగా చదువవలసిందని పాఠకులను కోరుతున్నాము. పాత ఇంటి రంగులలో సీసం కలిసి ఉండేది. గృహోపయోగ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధనను మన ప్రభుత్వం 2016లో ప్రకటించి, 2017 నవంబరు నుంచి అమలులోకి తెచ్చింది. అంటే అంతకు ముందు రంగు వేసిన ఉయ్యాల, మంచం, కిటికీ తలుపు, దేనిలోనైనా సీసం ఉండవచ్చుననే భావించాలి. ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వంటి ముదురు రంగులలో.

రంగు చెక్కుచెదరక ఉన్నంత కాలం ప్రమాదం స్వల్పం. గరుకు కాగితంతో పొడిగా రుద్దినప్పుడు లేచే ధూళే విషం. అది నేల మీద పేరుకొని, ప్రాకే బిడ్డ చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు హాని లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కనుక రంగు వేసిన పాత సామానును ఇంటిలో పొడిగా రుద్దరాదు. తప్పనిసరైతే ఆరుబయట, నీటితో తడుపుతూ, తడికి ఓర్చే నల్ల గరుకు కాగితంతో, ముక్కుకు దుమ్మును ఆపే మంచి మాస్కు కట్టుకొని చేయాలి. పని జరిగిన చోటును చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. గర్భిణులు, పసిపిల్లలు దరిదాపులలో ఉండరాదు. మనుమడి కోసం పాత రంగుల ఉయ్యాలను అటక మీద నుంచి దింపుదామనుకొనే తాతగార్లకు మా మనవి: దానిని ముచ్చటగా చూపించండి, బిడ్డను మాత్రం అందులో వేయవద్దు. బిడ్డ మొదట కొరికేది దాని అంచునే.

మెరుగు పెట్టు విధము

ఊగే కుర్చీకి మేకు కొట్టరాదు. మేకు కర్రను చీల్చి, కొన్నాళ్ళకు తుప్పుపట్టి, మచ్చ తెస్తుంది. పాత సామానులో కీళ్ళను అతికించినది పశువుల తోళ్ళను ఉడికించి తీసిన సరేసు జిగురు. వేడినీటి గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే అది మెత్తబడుతుంది. కీలు విప్పి, పాత జిగురు కడిగి, ఆరిన తరువాత క్రొత్త జిగురు పెట్టి, తాడుతో బిగించి ఒక రోజు ఉంచితే చాలు.

పూత పాడైపోయి రుద్దక తప్పనప్పుడు 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, 180, 220 వరకు రావాలి. ఎల్లప్పుడూ కర్ర చారల వెంబడే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు అప్పటికి కనబడవు. మెరుగు పడగానే తేలతాయి. పగుళ్ళకు లప్పం పెట్టేటప్పుడు అదే కర్ర పొట్టును కలుపుకొంటే రంగు కలుస్తుంది.

లీటరు స్పిరిట్‌కు సుమారు 200 గ్రాముల చపడా వేసి, గాజు సీసాలో రాత్రంతా నాననివ్వాలి. ఇనుప డబ్బాలో వద్దు, రంగు నల్లబడుతుంది. మరునాడు పలుచని గుడ్డలో వడకట్టాలి. దూదిని ఉండగా చేసి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కలో చుట్టితే అద్దుడు గుడ్డ సిద్ధం. దానితో పలుచగా, ఆగకుండా పూయాలి. కదులుతున్న చేయి కర్ర మీద నిలిచిందా, అక్కడి పూత కరిగి మచ్చ పడుతుంది. పది నిమిషాలలో ఆరుతుంది. దళసరిగా ఒకసారి పూయడం కన్నా పలుచగా ఎనిమిది మార్లు పూయడం మేలు. నడుమ నడుమ 320 నంబరు కాగితంతో తేలికగా నిమరాలి. గుడ్డ పట్టేసినట్లనిపిస్తే ఒక చుక్క నూనె అద్దాలి.

వర్షాకాలంలో ఈ పని పెట్టుకోరాదు. గాలిలోని చెమ్మ పూతలో చిక్కి తెల్లని పొర కడుతుంది. జంషెడ్‌పూర్‌లో దీపావళి వెళ్ళిన తరువాత నుంచి ఫిబ్రవరి దాకా అనుకూల సమయం. స్పిరిట్ విషపదార్థం, త్వరగా మండేది. లక్క ఎంత చక్కగా మండుతుందో పాండవుల కథ విన్న వారికి చెప్పనక్కరలేదు. పొయ్యి, అగరువత్తి, దేవుని దీపం ఉన్న గదిలో చేయవద్దు. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనగలవు. విప్పి ఆరవేయాలి, లేదా నీటిలో ముంచాలి.

భోజనాల బల్లకు మాత్రం లక్క పనికిరాదని నిజాయితీగా చెప్పాలి. వేడి చారు గిన్నె దింపితే తెల్లని వలయం పడుతుంది. అక్కడ పాలీయురిథేన్ వేయడమే వివేకం.

పేము అల్లిక గురించి ఒక మాట

పాత ఆఫీసు కుర్చీలకు పేము బెత్తుల అల్లిక ఉండేది. అష్టకోణపు కన్నులతో గాలి ఆడే ఆ అల్లికను మనలో పెద్ద వయసు వారందరూ ఎరుగుదురు. ప్రభుత్వ కార్యాలయాలలో ఆ అల్లిక పనిని తరచుగా అంధులైన కార్మికులు చేసేవారు. వారికి అనువైనవిగా గుర్తించిన ఉద్యోగాలలో అది ఒకటి. వేలి కొనలతో కన్నులు లెక్కపెట్టి, చూపున్న వారి కన్నా బిగువుగా అల్లేవారు. ఫోము కుర్చీలు వచ్చి ఆ పని సన్నగిల్లింది. మేము కొన్న వాలు కుర్చీకి, కుర్చీ ధర కన్నా అల్లికకే ఎక్కువ ఇచ్చుకొన్నాము. అది న్యాయమైన ధరేనని మా అభిప్రాయం. ఒక్క కుర్చీకి ఆ అల్లిక పనివారు రెండు రోజులు కూర్చున్నారు.

మన సంస్థల పాత ఆఫీసు సామాను ఏమవుతుందని కొందరు మిత్రులు అడుగుతుంటారు. 1964లో ఏర్పడిన ఎం.ఎస్.టి.సి. అనే ప్రభుత్వ రంగ సంస్థ ద్వారా అనేక సంస్థల తుక్కు, మిగులు సామాను వేలం అవుతుంది. అవి పెద్ద మోపులుగా పోతాయి కనుక, ఒక్క కుర్చీ కావలసిన వారికి కబాడీ దుకాణమే గతి.

బాగుచేసిన దానిని ఇంటిలో ఎక్కడ పెట్టాలన్నది ఎవరి అభిరుచి వారిది. భోషాణం మీద గాజు పలక వేస్తే ముందు గదికి మంచి బల్ల అవుతుంది. లోపల పరుపులు దాచుకోవచ్చు. చెడిపోయిన కుట్టుమిషను ఇనుప కాళ్ళ మీద సాల పలక బిగిస్తే పిల్లల చదువు బల్ల తయారు. పాత కిటికీ రెక్కలో అద్దం అమర్చవచ్చు. ఈ మధ్య శీషం కర్రకు కూడా తెల్ల రంగు వేయడం ఒక వేడుకగా మారింది. సాదా చెక్కకు ఎన్ని రంగులైనా వేసుకోవచ్చు గాని, శీషం మీద తెల్ల రంగు చూసినప్పుడు మాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మిగిలిన పాలిష్‌ను పారబోయనక్కరలేదు. సీసా మీద కలిపిన తేదీ వ్రాసి, చల్లని చోట, పిల్లలకు అందకుండా దాచుకోవాలి. ఆరు నెలలు దాటితే దాని ఆరే గుణం తగ్గుతుంది. వాడబోయే ముందు ఒక చుక్కను గాజు పలక మీద వేసి చూడండి. గంట గడిచినా వ్రేలికి అంటుకొంటూ ఉంటే, దానిని ఏ వస్తువు మీదా పూయవద్దు. క్రొత్త చపడా నానవేసుకోండి.